మాట్లాడే వీల్లేని వారి తరఫున

(సత్తుపల్లిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

ఈ ఉపన్యాసం ఏ ఒక్కరి పేరిటా ఏర్పాటు చేసింది కాదు. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి సైన్యానికీ కేంద్ర బలగాలకూ వెళ్లి, విధుల్లో ప్రాణాలు వదిలిన వారినీ, డిశ్చార్జి బుక్కు చేతపట్టుకుని తిరిగొచ్చి ఆ తర్వాత ఎప్పుడో ఊళ్లోనే కన్నుమూసిన వారినీ కలిపి తలుచుకోవడానికి ఏర్పాటు చేశారు. ఈ కలపడం నాకు నచ్చింది. ఎందుకంటే మన పత్రికలూ టీవీలూ ఈ రెండు రకాల వారినీ ఎప్పుడూ కలపవు. మొదటివారికి మొదటి పేజీ దక్కుతుంది, రెండోవారి ఊసే ఉండదు. సైనికుడి మీద తెలుగువాళ్లకున్న అభిమానం నిజమైనదే, దాన్ని నేను శంకించడం లేదు. అయితే ఆ అభిమానం కెమెరా వెళ్లినంత దూరమే వెళుతోంది. కెమెరా సరిహద్దుకు వెళుతుంది, చావింటికి వెళుతుంది. సైనికుడి జీవితంలో ముప్పాతిక భాగం ఆ రెండు చోట్లకూ బయటే గడుస్తుంది. పైగా ఆ జీవితం గురించి తాను నోరు విప్పి చెప్పుకోవడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి పత్రికల బాధ్యత ఇక్కడ మామూలు బాధ్యత కన్నా ఎక్కువ. ఈ ఉపన్యాసంలో నేను నిలబెట్టదలచిన వాదం ఇదే.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా బలగాలతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. వారిలో బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్ కమాండింగ్ అధికారి కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబుది సూర్యాపేట. కరోనా భయం ఉన్న రోజుల్లో కూడా ఆ పట్టణం వీధుల్లోకొచ్చి ఆయనకు వీడ్కోలు పలికింది. ముఖ్యమంత్రి ఇంటికి వెళ్లారు. రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం, హైదరాబాదులో ఇంటి స్థలం ఇచ్చింది. మిగిలిన 19 మంది కుటుంబాలకు, వారు ఏ రాష్ట్రం వారైనా సరే, తలా 10 లక్షలు ప్రకటించింది. మరుసటి ఏడాది ఆయనకు మరణానంతరం మహావీర్‌చక్ర వచ్చింది, సూర్యాపేటలో విగ్రహం వెలిసింది. ఇందులో ఏదీ ఎక్కువని నేను అనను. ఒక రాష్ట్రం తన బిడ్డ పట్ల అలాగే ప్రవర్తించాలి. ఆ రోజుల్లో తెలుగు చానళ్లు చేసిన పని వల్లే ఒక చిన్న పట్టణపు కుటుంబం రాష్ట్రమంతటికీ బంధువైంది. మీడియా తలచుకుంటే ఏం చేయగలదో దానికి ఇది మంచి నిదర్శనం.

ఇప్పుడు మనకు మరింత దగ్గరి చోటికి వద్దాం. భద్రాచలం దాటి, చింతూరు, కుంట మీదుగా దోర్నపాల్ చేరి, అక్కడ జగర్‌గుండ రోడ్డు పట్టుకుంటే చింతల్‌నార్ వస్తుంది. 2010 ఏప్రిల్ 6న దాని పక్కనున్న తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల మెరుపుదాడిలో 76 మంది చనిపోయారు. వారిలో 75 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు, ఒకరు రాష్ట్ర పోలీసు. ఒకే పూట ఇంతమంది జవాన్లను ఆ బలగం అంతకుముందు ఎన్నడూ కోల్పోలేదు. అదే రోడ్డు మీద బుర్కపాల్ దగ్గర 2017 ఏప్రిల్ 24న 25 మంది, బీజాపూర్ వైపు టేకులగూడెం దగ్గర 2021 ఏప్రిల్ 3న 22 మంది చనిపోయారు. సత్తుపల్లి నుంచి చూస్తే హిమాలయాలు ఎక్కడ, దోర్నపాల్ ఎక్కడ? అయినా మన ఊళ్లో గల్వాన్ పేరు తెలియనివారు లేరు, తాడిమెట్లలో చనిపోయిన 76 మందిలో ఒక్కరి పేరైనా చెప్పగలవారు కనబడరు. వారు ఉత్తరాది వారు కావడం ఒక కారణం, ఒప్పుకుంటాను. అయితే పుల్వామా జవాన్లు మాత్రం మన ఊరివాళ్లా? 2019 ఫిబ్రవరి 14న అక్కడ చనిపోయిన 40 మందిదీ అదే సీఆర్‌పీఎఫ్, అదే యూనిఫాం, అదే జీతం. వారి కోసం ఊరూరా కొవ్వొత్తుల ప్రదర్శనలు జరిగాయి. రెండు ఘటనల మధ్య జవాను మారలేదు, శత్రువు మారాడు. శత్రువు పరదేశీయుడైనప్పుడు చచ్చిపోయిన జవాను సైనికుడవుతున్నాడు. శత్రువు మన అడవిలోనివాడైతే, తరచూ మన భాషే మాట్లాడేవాడైతే, అదే జవాను పోలీసుగా మిగిలిపోతున్నాడు, వార్త మావోయిస్టుల ఖాతాలోకో హోంమంత్రి రాజీనామా చర్చలోకో జారిపోతోంది.

సైనికుడికీ పోలీసుకూ మధ్య గీసిన ఈ గీత ఎంత కృత్రిమమైనదో చరిత్రే చెబుతుంది. 1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది భారతీయ పోలీసులు చనిపోయారు. ఏటా అక్టోబరు 21న జిల్లా పోలీసు పరేడ్ మైదానాల్లో జరిగే పోలీసు అమరవీరుల సంస్మరణ దినానికి మూలం అదే. అంటే చైనా సరిహద్దులో తొలి ప్రాణాలు ఇచ్చినవారిలో పోలీసులున్నారు. ఈ గీత కేవలం గౌరవానికి సంబంధించినదైతే నేను ఇంత సేపు మాట్లాడను. దాని మీద డబ్బు నడుస్తోంది. 2004 జనవరి 1 తర్వాత చేరిన కేంద్ర ఉద్యోగులకు పాత పింఛను తీసేసినప్పుడు త్రివిధ దళాలకు మినహాయింపు ఇచ్చారు, సీఆర్‌పీఎఫ్ వంటి బలగాలకు ఇవ్వలేదు. ఆ బలగాలు కూడా కేంద్ర సాయుధ బలగాలే కాబట్టి పాత పింఛను వర్తిస్తుందని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది, సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. పుల్వామా సమయంలో ఆ బలగం పేరు జపించిన చానళ్లు ఈ కేసు మీద ఎన్ని గంటలు కేటాయించాయో ప్రేక్షకులే చెప్పగలరు.

కెమెరా ఎందుకు ఇలా ప్రవర్తిస్తుందంటే, విలేకరులకు మనసు లేక కాదు. పని జరిగే తీరు అలా ఉంది. కార్గిల్ యుద్ధం 1999లో జరిగింది. అప్పటికి తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా చానలే లేదు. ఈటీవీ2, టీవీ9 వంటివి 2003 చివర్లో, 2004లో వచ్చాయి. అవి వచ్చేసరికి యుద్ధాన్ని ఎలా చూపాలో ఢిల్లీ చానళ్లు ఒక మూస తయారుచేసి పెట్టాయి: జాతీయ పతాకం చుట్టిన పేటిక, తల్లి ఏడుపు, తుపాకుల వందనం, వరుసగా వచ్చే నాయకులు. ఆ మూసలో ఇమిడేది లైవ్‌లోకి వస్తుంది. పత్రికల సంగతి వేరే. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగిలిన దినపత్రికలూ అదే దారి పట్టాయి. దీనివల్ల మారుమూల మండలంలోని జవాను ఫొటో కూడా అచ్చయింది, అది పెద్ద మేలు. కానీ అదే పద్ధతి సమస్యలకు గోడలు కట్టింది. ఖమ్మం కలెక్టరేట్ ప్రజావాణిలో ఒక మాజీ సైనికుడు భూమి కోసం ఇచ్చిన అర్జీ ఖమ్మం పేజీలో సింగిల్ కాలమ్‌గా వస్తుంది. నిజామాబాదులో మరొకరు ఇచ్చిన అదే అర్జీ నిజామాబాదు పేజీలో వస్తుంది. రెండింటినీ పక్కపక్కన చూసే పాఠకుడు ఎక్కడా లేడు. ఇది వ్యక్తుల గోడు కాదని, రాష్ట్రమంతటా ఒకే రకంగా జరుగుతున్న వైఫల్యమని ఎవరికీ తట్టదు. మాజీ సైనికులకు ఇచ్చిన అసైన్డు భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకునే హక్కు నిబంధనల్లోనే ఉంది. అయినా నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కోసం వారు ఏళ్ల తరబడి తహసీలు కార్యాలయానికీ కలెక్టరేట్‌కూ మధ్య తిరుగుతుంటారు. జిల్లా పేజీల్లో విడివిడిగా పడిన ఈ అర్జీలన్నిటినీ ఒకచోట కూడేసి రాస్తే మొదటి పేజీ కథనమవుతుంది.

ఉద్యోగాల సంగతీ అంతే. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో 10 శాతం, పూర్వపు గ్రూప్-డిలో 20 శాతం మాజీ సైనికులకు కేటాయించినవి. జవాను సాధారణంగా నలభై ఏళ్లు నిండకముందే బయటికొస్తాడు, పిల్లలు అప్పుడే హైస్కూలుకు వస్తుంటారు, కాబట్టి ఆ కోటా అతనికి రెండో జీవితం. 2021 మధ్యనాటికి రక్షణశాఖ పునరావాస విభాగానికి సమాచారమిచ్చిన కేంద్ర శాఖల్లో ఈ రెండు కోటాల్లో ఏ ఒక్కదానిలోనూ భర్తీ 3 శాతానికి చేరలేదు. ఏటా డిసెంబరు 7న, 1949 నుంచి జరుపుకుంటున్న సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు, కలెక్టరు చొక్కాకు చిన్న జెండా గుచ్చే ఫొటో ప్రతి జిల్లా పేజీలో వస్తుంది. ఆ ఫొటో కిందనే ఈ ఏడాది జిల్లాలో మాజీ సైనికుల కోటా కింద ఎన్ని ఉద్యోగాలు భర్తీ అయ్యాయో రెండు వాక్యాలు రాస్తే ఆ రోజుకు అర్థం వస్తుంది.

ఇక నా వాదానికి వెన్నెముక వంటి విషయం. మన సత్తుపల్లి చుట్టూ సింగరేణి ఓపెన్‌కాస్టు గనులున్నాయి. గనిలో ప్రమాదం జరిగితే యూనియన్ గేటు మీటింగు పెడుతుంది, నాయకుడు విలేకరులతో మాట్లాడతాడు, గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఆ ప్రశ్న చర్చకొస్తుంది. సైనికుడికి ఇవేవీ లేవు. రాజ్యాంగం 33వ అధికరణం సాయుధ బలగాల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. 1950 నాటి సైన్య చట్టం 21వ సెక్షను కింద సైనికుడు యూనియన్‌లో చేరడం, సభల్లో పాల్గొనడం, పత్రికలతో మాట్లాడడం నియంత్రణలోకి వచ్చాయి. కేంద్ర బలగాలకూ ఇలాంటి నిబంధనలే ఉన్నాయి. క్రమశిక్షణ కోసం ఇవి అవసరమేనని నేనూ అంగీకరిస్తాను. ఆయుధం పట్టిన చేయి రాజకీయం పట్టకూడదు. కానీ దాని పర్యవసానం చూడండి. 2017 జనవరిలో బీఎస్‌ఎఫ్ జవాను తేజ్‌బహదూర్ యాదవ్ తమకు పెడుతున్న తిండి గురించి వీడియో పెట్టాడు. కొన్ని రోజులు చానళ్లన్నీ నీళ్ల పప్పు, మాడిన రొట్టె చూపించాయి. ఏప్రిల్‌లో అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. అతను నియమం దాటాడా లేదా అన్నది ఒక ప్రశ్న. క్యాంపుల్లో తిండి ఎలా ఉందన్నది మరో ప్రశ్న. మొదటి ప్రశ్నతోనే వార్త ముగిసిపోయింది. రెండో ప్రశ్న వేయాల్సింది జవాను కాదు, వేయడానికి అతనికి వీల్లేదు. వేయాల్సినవాళ్లు మనం.

పదవీ విరమణ చేసినవారికి ఆ కట్టుబాటు ఉండదు. నోరు విప్పగలిగితే ఏం జరుగుతుందో వారు చూపించారు. ఒకే ర్యాంకు, ఒకే పింఛను అన్న కోరిక దశాబ్దాల నాటిది. 2011 డిసెంబరులో కోశ్యారీ నేతృత్వంలోని పార్లమెంటరీ కమిటీ దాన్ని సమర్థించింది. అయినా కదలిక లేకపోతే 2015 జూన్‌లో మాజీ సైనికులు జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నారు. ఆగస్టు 14న పోలీసులు వారిని లాగి పారేసే ప్రయత్నం చేసినప్పుడు పతకాలు తగిలించుకున్న వృద్ధుల చిరిగిన చొక్కాలు దేశమంతా చూసింది. సెప్టెంబరు 5న ప్రభుత్వం పథకాన్ని ప్రకటించింది. లోపాలున్నాయని వారు తర్వాత సుప్రీంకోర్టుకు కూడా వెళ్లారు, ఆ వివరాల్లోకి నేను పోను. బతికున్న సైనికుడు కెమెరా ముందుకొచ్చినప్పుడు ఏళ్లుగా తేలని దస్త్రం మూడు నెలల్లోపే తేలింది, మనకు కావలసిన సాక్ష్యం అదే.

ఆజాద్ హింద్ ఫౌజు కథ దీనికి రెండో పక్క. యుద్ధకాలపు సెన్సారు ఉన్నన్నాళ్లూ ఆ సైనికుల సంగతి ప్రజలకు సరిగా తెలియదు. 1945 నవంబరు 5న ఎర్రకోటలో షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గుర్‌బక్ష్ సింగ్ ధిల్లాన్‌ల మీద విచారణ మొదలయ్యాక పత్రికలు రోజూ రాశాయి, నెహ్రూ మళ్లీ బారిష్టరు గౌను తొడుక్కున్నారు, రెండు నెలల్లో బ్రిటిష్ ప్రభుత్వం వారి శిక్షను రద్దు చేయాల్సి వచ్చింది. రాజద్రోహులని ముద్ర వేసిన వారిని జాతి వీరులుగా నిలిపిన ఘనతలో పత్రికలకు పెద్ద వాటా ఉంది. కానీ స్వతంత్ర భారత సైన్యం వారిని తిరిగి తీసుకోలేదు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చింది 1972లో. కీర్తి రెండు నెలల్లో వచ్చింది, పింఛనుకు పాతికేళ్లు పైగా పట్టింది. ఆ పాతికేళ్లలో వారి మీద పాటలు, సినిమాలు, ఊరేగింపులు లోటు లేకుండా సాగాయి.

అభిమానం ముదిరితే నిజాన్ని కూడా మింగేస్తుందనడానికి మన హైదరాబాదు నుంచే ఒక ఉదాహరణ ఉంది. 1965 యుద్ధ సమయంలో ఏడో నిజాం దేశరక్షణకు 5 టన్నుల బంగారం దానం చేశాడని మన ఫోన్లలో ఏటా తిరుగుతుంది, కొన్ని పత్రికలూ అచ్చేశాయి. జరిగింది ఏమిటంటే, ఆ సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం తెచ్చిన జాతీయ రక్షణ బంగారు బాండ్లలో ఆయన 425 కిలోల బంగారాన్ని ఆరున్నర శాతం వడ్డీకి పెట్టుబడి పెట్టాడు. అదీ దేశానికి సాయమే. అందులో చిన్నతనమేమీ లేదు. అయినా బాండు అనే మామూలు నిజం మనకు చాలలేదు, దానం అనే పెద్ద కథ కావలసి వచ్చింది. సైనికుల విషయంలోనూ పెద్ద కథ కోసం వెదికే కన్ను పింఛను కాగితాన్ని చూడలేదు.

నా వాదానికి అభ్యంతరాలున్నాయి. మీడియా ప్రజల మనసునే చూపుతుంది, దాన్ని తయారు చేయదు అన్నది మొదటిది. తాడిమెట్ల, పుల్వామా పోలికతో దీనికి జవాబు చెప్పేశాననుకుంటాను. ఒకే బలగం విషయంలో ప్రజల మనసు రెండు రకాలుగా ఉండడానికి చూపించిన తీరు తప్ప వేరే కారణం తక్కువ. రెండో అభ్యంతరం బలమైనది: ఇలాంటి లోపాలు ఎత్తిచూపితే జవాన్ల మనోధైర్యం దెబ్బతినదా? అమెరికా అనుభవం చూడండి. 1991 గల్ఫ్ యుద్ధమప్పుడు ఆ దేశమంతా ఇళ్లకు పసుపు రిబ్బన్లు కట్టారు. యుద్ధం మంచిదా కాదా అన్న ప్రశ్న ఆ రిబ్బన్ల కింద అణిగిపోయింది. ఇరాక్ యుద్ధం నడుస్తుండగా 2007 ఫిబ్రవరిలో వాషింగ్టన్ పోస్టు విలేకరులు డానా ప్రీస్ట్, యాన్ హల్ వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రి ఆవరణలో గాయపడిన సైనికులు బూజు పట్టిన గోడల మధ్య, కాగితాల చుట్టూ తిరుగుతూ ఎలా ఉంటున్నారో రాశారు. కొద్ది రోజుల్లోనే సైన్య కార్యదర్శి రాజీనామా చేశాడు, విచారణ సంఘాలు వచ్చాయి. ఆ కథనాల వల్ల మేలు పొందింది సైనికులే. తాడిమెట్ల తర్వాత వేసిన రామ్మోహన్ విచారణ కూడా నాయకత్వ లోపాలను ఎత్తిచూపింది. ఆ లోపాల గురించి మరింత రాసి ఉంటే, తర్వాత అదే రోడ్డు మీదికి వెళ్లిన జవాన్లకు అది రక్షణే అయ్యేది.

మూడో అభ్యంతరం ఈ అడవి అంచున మాత్రమే వినిపిస్తుంది, దాన్ని తప్పించుకుని వెళ్లడం న్యాయం కాదు. మిలిటరీ అంటే ఇక్కడి పెద్దలకు ఒకే జ్ఞాపకం లేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలో ప్రవేశించి ఐదు రోజుల్లో రజాకార్ల పీడ వదిలించింది. ఆ తర్వాత 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించేదాకా అదే సైన్యం ఈ ఊళ్లనూ అడవులనూ గాలించింది, కోయ గూడేలను లేపి రోడ్ల పక్క క్యాంపులకు చేర్చింది. దగ్గరి కాలానికొస్తే, 2012 జూన్‌లో బీజాపూర్ జిల్లా సర్కేగూడలో భద్రతా బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. వారు మావోయిస్టులన్న దానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె.అగర్వాల్ కమిషన్ తేల్చింది. ఇవి తెలిసిన కోయ తల్లి యూనిఫాంకు చప్పట్లు కొట్టాలని అడిగే హక్కు మనకు లేదు. అయితే నేను అడుగుతున్న మద్దతులో చప్పట్ల పాత్ర తక్కువ. జవానుకు జీతం, తిండి, వైద్యం, పింఛను సరిగా అందుతున్నాయా అని అడిగే గొంతే, అతనికి ఇచ్చిన ఆదేశం న్యాయమైనదా, అతను దాన్ని ఎలా అమలు చేశాడు అని కూడా అడగాలి. బూజు గోడల గురించి రాసిన పత్రిక సర్కేగూడ గురించి కూడా రాయగలదు. జెండా మాత్రమే చూపించే పత్రిక రెండూ రాయదు.

చివరగా రాబోయే కాలం సంగతి. 2022 జూన్ 14న నాలుగేళ్ల సైనిక నియామక పథకం అగ్నిపథ్‌ను ప్రకటించారు. మూడు రోజులకే, జూన్ 17న, ఎప్పటినుంచో పరుగులు తీసి ఫిట్‌నెస్ సాధించి రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్న యువకులు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబెట్టారు, పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు యువకుడొకడు చనిపోయాడు. రైళ్ల మంటలు చూసినంత సేపు వారి ప్రశ్నను ఎవరూ చూడలేదు: నాలుగేళ్ల తర్వాత ఏమిటి? 2025 మేలో జమ్మూకశ్మీర్ సరిహద్దులో చనిపోయిన మురళీ నాయక్, శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా బిడ్డ, ఈ పథకం కింద చేరిన అగ్నివీరుడే. అంత్యక్రియలకు మంత్రులు వెళ్లారు, రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, భూమి, ఇంటి స్థలం ఇచ్చింది, చానళ్లు రోజంతా చూపించాయి. అతని తల్లే కొన్ని నెలలకు, మామూలు సైనికుడి కుటుంబంతో సమానంగా తమకూ కుటుంబ పింఛను ఇవ్వాలని బొంబాయి హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అగ్నివీరుడి కుటుంబానికి బీమా, పరిహారం ఒకేసారి వస్తాయి, నెలనెలా పింఛను లేదు. ఆమె ఏడుపు రాష్ట్రమంతా చూసింది. ఆమె పిటిషన్ ఎంతమంది చూశారు?

ఈ సభలో ఉన్న మండల విలేకరులకు నా మనవి ఇది. అగ్నివీరుల మొదటి బ్యాచ్‌కు 2026 చివరి నుంచి నాలుగేళ్లు పూర్తవుతాయి. ఇప్పుడున్న నిబంధన ప్రకారం నూటికి పాతిక మందికి మించి సైన్యంలో ఉండరు. మిగిలినవారు సేవానిధి కింద సుమారు 11.7 లక్షలతో, ఇరవైల వయసులోనే ఊళ్లకు వస్తారు. సత్తుపల్లి, వేంసూరు, పెనుబల్లి, కల్లూరు, దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లో వారు ఎవరు, ఏ పనిలో కుదిరారు, ఇస్తామన్న కోటా ఉద్యోగాల్లో ఎన్ని వచ్చాయి అని ఊరూరా తిరిగి రాయండి. వార్త చిన్నదైనా సరే, జిల్లా పేజీలోనే వచ్చినా సరే, ఏటా మళ్లీ రాయండి. పాఠకులు కూడా ఆ వార్తను కత్తిరించి దాచుకుని, మరుసటి ఏడాది రాకపోతే పత్రికకు ఉత్తరం రాయాలని కోరుతున్నాను.